బానెట్ క్రింది దాపరికం

వార్షిక సంచికకు విజ్ఞానశాస్త్ర సంబంధమైన వ్యాసం ఒకటి వ్రాసి ఇవ్వవలసినదిగా సంపాదకవర్గంలోని విద్యార్థులు నన్ను కోరినప్పుడు, వారు బహుశా అంతరిక్షాన్ని గురించో అణుశక్తిని గురించో ఏదో ఒకటి వస్తుందని ఆశించి ఉంటారు. కారు ఇంజను చుట్టూ ఉండే తీగలను, రబ్బరు గొట్టాలను కంటికి కనబడకుండా దాచిపెట్టే పనిని గురించి భౌతికశాస్త్ర అధ్యాపకుడొకడు వ్రాయడం వారికి వింతగా తోచవచ్చు. అయినా నేను ఈ విషయాన్నే ఎన్నుకొన్నాను. ఇందుకు కారణం పాండిత్యం కాదు, ఒక బాకీ. క్రిందటి సంవత్సరం మన కళాశాల ప్రదర్శనలో బహుమతులు నిర్ణయించిన ముగ్గురిలో నేను ఒకడిని. ఆనాడు మేమిచ్చిన తీర్పు తప్పని నా అభిప్రాయం. ఆ తప్పు ఎక్కడ జరిగినదో చెప్పడానికే ఈ వ్యాసం.

ప్రదర్శన చూచినవారికి జ్ఞాపకం ఉండే ఉంటుంది. మెకానికల్ విభాగం నుండి రెండు వస్తువులు వచ్చినవి. ఒకటి పాత మారుతి 800. మూడవ సంవత్సరం విద్యార్థులు నలుగురు కలసి, తమలో ఒకని మేనమామ గారి షెడ్డులో దానిని నాలుగు నెలలు ముందు వేసుకొని కూర్చున్నారు. బానెట్ ఎత్తగానే చూచినవారి నోట మాట లేదు. లోపలి రేకు అంతా పింగాణీ పళ్ళెంవలె తెల్లగా మెరుస్తున్నది. మధ్యలో ఇంజను ఒక్కటే, పెండ్లిపీటలమీద కూర్చున్న వానివలె, ఏ సంబంధమూ లేనట్లు ఉన్నది. తీగ లేదు, గొట్టం లేదు, బ్యాటరీ లేదు, ఫ్యూజుల పెట్టె లేదు. అన్నీ ఉన్నవి, అయితే ఎక్కడ ఉన్నవో చేసినవానికి తప్ప ఇతరులకు తెలియదు.

రెండవది అంబాసిడర్ కారు ఇంజను. ఇనుప చట్రం మీద నిలబెట్టినారు. నల్లని నూనె మరకలు పూర్తిగా పోలేదు. తీగలన్నీ పైకి కనబడుతున్నవి. ప్రతి తీగకూ దారంతో ఒక అట్టముక్క కట్టి, ఇది ఎక్కడనుండి ఎక్కడకు పోవునో తెలుగులోనూ ఉర్దూలోనూ వ్రాసినారు. ప్రక్కన గోడకు ఒక పెద్ద పటం, దాని మీద అవే అంకెలు. రెండవ సంవత్సరం పిల్లలు ముగ్గురు ఆ పని చేసినారు. వారిలో ఒకని చేతివ్రాత మాత్రం చాలా చక్కగా ఉన్నది.

మేము ముగ్గురమూ మారుతికి మొదటి బహుమతి, అంబాసిడర్ ఇంజనుకు మూడవ బహుమతి ఇచ్చినాము. ఆ పూట ఎవరైనా అదే చేసి ఉండేవారు.

మధ్యాహ్నం భోజనవేళ. మేము ముగ్గురమూ టీ త్రాగడానికి స్టాఫ్ రూముకు పోయినాము. సందర్శకులెవరో ఇంజను నడిపి చూపమన్నారట. నడిపినారు. వేడి పెరిగినది, ఫ్యాను తిరగలేదు. ఇంతలో ఎడమవైపు మడ్‌గార్డు లోపలినుండి ప్లాస్టిక్ కాలిన వాసన, సన్నని పొగ. కుర్రవాడు తాళంచెవి త్రిప్పి ఇంజను ఆపినాడు. పొగ ఆగలేదు. ఫ్యూజుల పెట్టె అందం చెడగొడుతున్నదని తీసివేసి, ఫ్యాను తీగను నేరుగా బ్యాటరీకి కలిపినారు. కనుక ఇంజను ఆపినా ఆ తీగలో విద్యుత్తు పారుతూనే ఉన్నది. బ్యాటరీని తప్పించుదామంటే అది వెనుక సీటు వెనుక, ఆరు స్క్రూలు బిగించిన చెక్క పలక క్రింద ఉన్నది. స్క్రూడ్రైవరు తెచ్చేవాడు ఒకడు, "సార్, సార్" అంటూ స్టాఫ్ రూముకు పరుగెత్తేవాడు ఒకడు. మన అటెండరు మాత్రం ఎవరూ చెప్పకుండానే ఇసుక బాల్చీ తెచ్చి ప్రక్కన పెట్టుకొని నిలబడినాడు. ఆరవ స్క్రూ ఊడేసరికి మేము వచ్చినాము. ఏ ప్రమాదమూ జరగలేదు. మడ్‌గార్డు విప్పి చూడగా, రేకుకు పొడిచిన రంధ్రం అంచున తీగ తొడుగు కోసుకొనిపోయి, లోపలి రాగి రేకుకు అంటీ అంటనట్లు తగులుతున్నది. ఆ రంధ్రానికి రబ్బరు గ్రోమెట్ తొడగలేదు. తొడిగి ఉంటే దాని ఖరీదు మన క్యాంటీనులో ఒక టీ ఖరీదు ఉండేది.

బహుమతి ప్రకటించి అప్పటికే గంట అయినది. మార్చడం మర్యాద కాదని మేము ఊరకున్నాము.

ఈ తీగలు దాచే కళ మనది కాదు. ఇది అమెరికాలో పుట్టినది. 1932లో ఫోర్డు కంపెనీ ఎనిమిది సిలిండర్ల ఇంజనును సామాన్యుడు కొనగల ధరలో తెచ్చిన తరువాత, కాలిఫోర్నియా యువకులు పాత కార్లు కొని, బరువు తగ్గించి, ఎండిపోయిన సరస్సుల మైదానాలలో వేగ పరీక్షలు నడిపేవారు. ఆ పోటీలను క్రమబద్ధం చేయడానికి 1937లో ఒక సంఘం కూడా ఏర్పడినది. యుద్ధం ముగిసిన తరువాత వేగానికి అందం తోడైనది. 1948లో "హాట్ రాడ్" పత్రిక వెలువడినది. 1950లో ఓక్లండ్ నగరపు ప్రదర్శనలో "అమెరికాలోకెల్లా అందమైన రోడ్‌స్టర్" అను బహుమతి మొదలయినది. డెట్రాయిట్‌లో 1953 నుండి ఆటోరామా ప్రదర్శన జరుగుతున్నది. అందులో 1964 నుండి రిడ్లర్ అవార్డు ఇస్తున్నారు. ఆ అవార్డుకు నియమం ఏమనగా, అంతకు ముందు మరే ప్రదర్శనలోనూ చూపని బండి అయి ఉండవలెను. అనగా క్రొత్తగా ముసుగు తీసిన విగ్రహానికే పూజ.

తొలినాళ్ళలో అక్కడివారు దేనినీ దాచలేదు. క్రోమియం పూత పూసిన గొట్టాలు, మెరిసే కార్బ్యురేటర్లు అందరికీ కనబడవలెననే వారి ముచ్చట. 1980 దశకంలో రుచి మారినది. కాలిఫోర్నియాలోని బోయిడ్ కోడింగ్టన్ వంటి నిర్మాతలు తలుపు పిడి, కీలు, అతుకు ఏదీ కనబడని నునుపైన బండ్లను తయారుచేసి పేరు పొందినారు. ఆ నునుపుదనమే క్రమంగా బానెట్ క్రిందికి కూడా దిగినది. 1990ల తరువాత హోండా సివిక్ వంటి చిన్న జపాను కార్లను ముస్తాబు చేసే యువకుల చేతిలో ఇది ఒక ప్రత్యేక విద్య అయినది. దీనికి వారు పెట్టిన పేరు "వైర్ టక్". చొక్కాను ప్యాంటులోనికి దోపినట్లు తీగలను రేకు వెనుకకు దోపడం అని అర్థం. మన తెలుగులో టక్కు అను మాటకు వేరే అర్థం ఉన్నదని వారికి తెలియదు, పాపం!

పని చేసే విధానం వినడానికి సులభమే. ఇంజను పైకి తీసివేస్తారు. తీగల కట్టను, అనగా హార్నెస్‌ను, మొత్తం విప్పి నేలమీద పరచి, ఏ తీగ ఎక్కడకు పోవునో గుర్తులు పెడతారు. పనికిరాని తీగలు తీసివేసి, చాలనివాటిని పొడిగించి, మడ్‌గార్డుల లోపలినుండి, డాష్‌బోర్డు వెనుకనుండి, చట్రపు దూలాల బోలు లోపలినుండి క్రొత్త దారులు తీస్తారు. బ్రేకు గొట్టాలను కూడా అట్లే మళ్ళిస్తారు. బ్యాటరీని డిక్కీలోనికి మారుస్తారు. ఖాళీ అయిన బ్రాకెట్లు కోసివేసి, రంధ్రాలన్నీ వెల్డింగుతో పూడ్చి, అరగదీసి రంగు వేస్తారు. నేటి కారులో తీగల మొత్తం పొడవు ఒక కిలోమీటరును కూడా మించునని గుర్తుంచుకొంటే, ఈ పనికి నెలలు ఎందుకు పట్టునో అర్థమవుతుంది.

ఇది పనికిమాలిన పని అని నేను అనను. అట్లు అనేవారు మన స్టాఫ్ రూములోనే కొందరున్నారు, వారితో నేను ఏకీభవించను. ఒక తీగను దాచవలెనంటే మొదట ఆ తీగ ఏమిటో తెలియవలెను. పాఠ్యపుస్తకంలో వలయం బొమ్మ గీసి పూర్తి మార్కులు తెచ్చుకొన్న వానికంటె, ఒక్క హెడ్‌లైటు తీగను స్విచ్చి నుండి రిలే వరకు, రిలే నుండి దీపం వరకు వ్రేలితో తడిమినవాడు విద్యుత్తును ఎక్కువ ఎరుగును. మారుతి చేసిన నలుగురు పిల్లలూ నాలుగు నెలలలో నేర్చుకొన్నది నా తరగతిలో రెండు సంవత్సరాలలో నేర్చుకోలేదు. ఈ మాట చెప్పుకొనడానికి నాకు సిగ్గు లేదు. పైగా తీగలను ఇంజను వేడికి, కదిలే బెల్టులకు దూరంగా నడపడం ఒక విధంగా మేలు కూడ. కట్టుదిట్టంగా చేసిన దాపరికం వ్రేలాడే తీగల గందరగోళంకంటె క్షేమం. మన ఊరి వీధులలో తిరిగే బండ్ల బానెట్లు ఎత్తి చూడండి. ఇన్సులేషన్ టేపు పట్టీలు కట్టిన గాయాలు, మెలిపెట్టి వదలిన మొనలు, దేనికో తెలియక ఎవడో కత్తిరించిపెట్టిన కొసలు! దానిని ఆదర్శంగా తీసుకోమని నేను ఎవరికీ చెప్పను.

నా ఆక్షేపణ వేరు. దాచిన దానిని భౌతికశాస్త్రం మరచిపోదు. బ్యాటరీ సంగతే తీసుకొందాం. మన ప్రథమ సంవత్సరం విద్యార్థులు కూడ ఈ లెక్క కట్టగలరు. ఇంజనును త్రిప్పే సెల్ఫ్ మోటారు ఆ కొద్ది క్షణాలలో 150 నుండి 200 ఆంపియర్ల వరకు పీల్చుకొనవచ్చును. బ్యాటరీ బానెట్ క్రిందనే ఉన్నప్పుడు తీగ పొడవు ఒక మీటరు. దానిని వెనుకకు మార్చి, మూలమూలలా దాచి తెచ్చినప్పుడు అయిదు మీటర్లు. రాగి విశిష్ట నిరోధం సుమారు 1.7 × 10⁻⁸ ఓమ్ మీటరు. పాత తీగనే, అనగా 16 చదరపు మిల్లీమీటర్ల అడ్డుకోత గల దానినే పొడిగిస్తే, దాని నిరోధం 0.0053 ఓములు. చూడడానికి లెక్కలోనికి రానంత చిన్న సంఖ్య. దానిని 200 ఆంపియర్లతో హెచ్చించండి. ఒక వోల్టుకు పైగా తీగలోనే పోయినది! 12 వోల్టుల బ్యాటరీలో ఒక వోల్టు అంటే మాటలు కాదు. అందులోనూ ఆ క్షణంలో బ్యాటరీ వోల్టేజి తనంతట తానే 10 ప్రాంతానికి పడిపోయి ఉంటుంది. చలికాలపు తెల్లవారుజామున బండి మూలుగుతూ నిలిచిపోతే బ్యాటరీని నిందిస్తారు, క్రొత్త బ్యాటరీ కొంటారు, అదీ మూలుగుతుంది. తీగను 50 చదరపు మిల్లీమీటర్లది వేస్తే నష్టం వోల్టులో మూడవ వంతుకు దిగును. అయితే లావు తీగను దాచడం కష్టం కనుక సన్నని తీగనే వేస్తారు.

ఇంకొకటి. ఆ అయిదు మీటర్ల తీగ బండి పొడవునా రేకుల మధ్యగా పోవును. బ్యాటరీ ప్రక్కనే, వీలయినంత దగ్గరగా, దానికి తగిన ఫ్యూజు ఉండవలెను. ఫ్యూజు ఇంజను దగ్గర పెట్టుకొన్నవాడు తీగ చివరను కాపాడినాడు, తీగను కాపాడలేదు. ఎక్కడో సీటు క్రింద రేకు అంచు దానిని కోసిననాడు వందల ఆంపియర్లు పోవడానికి అడ్డు ఉండదు.

ఇంజనుకూ బండి శరీరానికీ మధ్య ఒక ఎర్త్ పట్టీ ఉంటుంది. ఇంజను రబ్బరు దిమ్మెల మీద కూర్చుని ఉన్నది కనుక ఈ పట్టీ లేకపోతే విద్యుత్తు తిరిగి పోవడానికి దారి లేదు. నునుపుగా రంగు వేసిన తరువాత ఈ అల్లిక పట్టీ వికారంగా కనబడుతుంది. తీసివేసినవారిని నేను ఎరుగుదును. అప్పుడు సెల్ఫ్ మోటారు కరెంటు తనకు దొరికిన దారిని, అనగా ఆక్సిలరేటరు కేబులునో క్లచ్చి కేబులునో పట్టుకొని పోవును. ఆ కేబులు వేడెక్కి, లోపలి తొడుగు కరగి బిగుసుకొనిపోవును. కరెంటుకూ క్లచ్చికీ ఏమి సంబంధమని మెకానిక్ నెలరోజులు తల బ్రద్దలు కొట్టుకొనును. రంగు వేసిన రేకు మీదనే పట్టీని బిగించినా అదే గతి. క్రింద రంగు గీకి లోహాన్ని తేల్చితేనే అది ఎర్త్.

గొట్టాల విషయం కొద్దిగా చెప్పి ముగిస్తాను. రేడియేటరు మూత ఒత్తిడిని నిలిపి ఉంచడంవల్ల నీరు 100 డిగ్రీల వద్ద మరగదు. బయటి వాతావరణానికి పైన ఇంకొక వాతావరణమంత ఒత్తిడి ఉంటే 120 డిగ్రీల వరకు నిలుచును. అట్టి నీటిని మోసే గొట్టాన్ని మెకానిక్ వ్రేళ్ళతో నొక్కి, మెత్తబడినదా, ఉబ్బినదా, పగిలినదా అని చూచును. పై అల్లిక ఉక్కుదయితే, లేదా గొట్టం రేకు వెనుక ఉంటే, ఆ వ్రేళ్ళకు పని లేదు. గొట్టాన్ని దాచడంకోసం నీరు పోసే మూతికంటె ఎత్తుకు త్రిప్పితే ఆ వంపులో గాలి చిక్కుకొనును. నీరు నిండుగా ఉన్నట్లే కనబడును, ఇంజను మాత్రం కాలిపోవును. పెట్రోలు గొట్టాల సంగతి మరీ జాగ్రత్త. పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ కలుస్తున్న ఈ రోజులలో పాత రకం రబ్బరు త్వరగా పాడగును. దానిని కంటికి కనబడని చోట పెట్టడం నిప్పును కొంగున కట్టుకొనడమే.

మా నాన్నగారు దర్జీ. షేర్వానీలు కుట్టేవారు. షేర్వానీకి పైన కనబడే కుట్టు ఎంత ముఖ్యమో లోపలి అస్తరు అంత ముఖ్యమని వారి వాదన. అస్తరు అన్నింటినీ దాచును. గట్టిదనంకోసం వేసిన గోనె పట్టీ, దారపు ముడులు, అతుకులు ఏవీ కనబడవు. కాని అడుగు అంచు దగ్గర జానెడు మేర అస్తరును గట్టిగా కుట్టక, చేతికుట్టుతో తేలికగా పట్టించి వదిలేవారు. ఆ ఒక్క దారం లాగితే లోపలి పని అంతా బయటపడును. ప్రక్క కుట్లలో రెండంగుళాల బట్ట అదనంగా మడచి ఉంచేవారు. "పెండ్లికి కుట్టిన షేర్వానీ మనిషి లావైన తరువాత ఇంకొక దర్జీ దగ్గరకు పోతుంది. వాడు మనలను తిట్టుకోకూడదు" అనేవారు. నాకు చిన్నతనంలో ఇది వృథా ఖర్చుగా తోచేది. ఆ ఇంకొక దర్జీ ఎవరో, ఎన్నడు వస్తాడో! ఆయన ముఖం కూడ చూడని మనిషి కోసం బట్ట మిగల్చడం ఎందుకు?

నా తర్కమంతా ఆ ఇంకొక దర్జీ దగ్గరే నిలిచి ఉన్నది. డెట్రాయిట్ ప్రదర్శనకు పోయే బండి వెంట దానిని చేసినవారే పోతారు. వానలో నడవదు, గతుకుల రోడ్డు ఎరుగదు, రోగం వస్తే వైద్యుడు ఇంటిలోనే ఉన్నాడు. మన పిల్లల మారుతి అట్టిది కాదు. అది మేనమామ గారిది, రేపు ఎవరికో అమ్మివేస్తారు. కొన్నవాడు ఏ హైవే మీదనో, రాత్రివేళ, హెడ్‌లైట్లు ఆరిపోయి, చెట్టు క్రింద పెట్టెషాపు మెకానిక్‌ను లేపుతాడు. ఆ మెకానిక్ చేతిలో ఒక టెస్టు ల్యాంపు, నోటిలో ఒక టార్చిలైటు. బానెట్ ఎత్తితే లోపల పింగాణీ పళ్ళెం! అతడు ఏమి చేయగలడు? మడ్‌గార్డులో ఒక రంధ్రం పొడిచి, క్రొత్త తీగ ఒకటి బయటనుండే లాగి పంపుతాడు. నాలుగు నెలల అందం ఒక్క రాత్రితో సరి. అతనిని తప్పు పట్టను. అతనికి దారి చూపని వారిదే తప్పు.

చౌమహల్లా ప్యాలెస్‌కు పోయినవారు అక్కడి పసుపుపచ్చ రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్‌ను చూచి ఉంటారు. 1912లో నిజాముల ఇంటికి వచ్చిన బండి. దాని మీది సింహాసనాన్ని అందరూ చూస్తారు. ఆ తరం రోల్స్ రాయిస్ బండ్ల ఇంజను చిత్రాలను మన గ్రంథాలయంలో అడిగి చూడండి. మూడేసి సిలిండర్లు గల రెండు దిమ్మెలు, వాటి ప్రక్కగా రాగి గొట్టాలు, ఇత్తడి బిగింపులు. ఏ ఒక్కటీ దాచలేదు. గొట్టం వంపు తిరిగిన చోట ఎందుకు తిరిగినదో తెలిసిపోవును. అందంగా లేదని అనగలవారెవరు? దాచడం ఒక్కటే శుభ్రత కాదని చెప్పడానికి ఇంతకంటె సాక్ష్యం నాకు అక్కరలేదు. వరుసగా, సమానమైన ఎడంలో, తగిన బిగింపులతో నడిపిన తీగ కనబడినా అందమే.

ఈ వాదనకు మారుతి విద్యార్థులు నాకు ఎదురు చెప్పకపోలేదు. "సార్, నేడు కంపెనీలు అమ్మే క్రొత్త కార్లలో ఇంజను మీద ప్లాస్టిక్ మూత పెట్టి అన్నీ దాచడం లేదా?" అని వారిలో ఒకడు అడిగినాడు. మంచి ప్రశ్న. నిజమే, దాస్తున్నారు. అయితే ఆ మూత చేతితో లాగితే వచ్చును. దాని క్రింద ప్రతి తీగకు ఒక రంగు, ప్రతి అతుకుకు ఊడదీయగల కనెక్టరు, ఫ్యూజుల పెట్టె మూత లోపల ఏది దేనికో తెలిపే పటం ఉన్నవి. సర్వీసు పుస్తకంలో పూర్తి వలయచిత్రం ఉన్నది. అది అస్తరు. మన మారుతిలో నల్లని తీగలు ముప్పది, అన్నీ ఒకే రంగువి. దుకాణంలో ఆ చుట్ట చవుకగా దొరికినదట. అడిగితే "నాకు గుర్తున్నది సార్" అన్నాడు ఆ పని చేసినవాడు. అబద్ధం కాదు, అతనికి గుర్తున్నది. కాని ఆ మధ్యాహ్నం అతడు భోజనానికి పోయినాడు.

చట్టం సంగతి ఒక్క మాట. కొన్ని కార్లకు చాసిస్ నెంబరు బానెట్ క్రింది రేకు మీదనే చెక్కి ఉంటుంది. బండి చేతులు మారేటప్పుడు దాని మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీస్తారు. రంధ్రాలు పూడ్చి, అరగదీసి, దళసరిగా రంగు పోసే ఉత్సాహంలో ఆ అంకెలు చెరిగితే, ఎంత నిజాయితీపరుడయినా దొంగబండి వానివలె సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చును. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను, రిజిస్ట్రేషను వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదన్నది. 2019లో సుప్రీంకోర్టు కూడ ఆ సంగతిని గట్టిగానే చెప్పినది. తీగలు మళ్ళించడం దీని క్రిందకు రాకపోవచ్చు. కాని ఇంజను మార్చి, చట్రం కోయడం వరకు పోయే యువకులు ఇక్కడ ఆగి ఆలోచించుకొనడం మంచిది.

ఇక కమిటీ వారికి నా మనవి. ప్రదర్శనలో మార్కుల పట్టిక ఇప్పుడు ఇట్లున్నది: ఆలోచనకు 40, పనితనానికి 30, చక్కదనానికి 30. ఈ పట్టికను అనుసరించే మేము మారుతికి మొదటి స్థానం ఇచ్చినాము. పట్టికను సాకుగా చూపి నేను తప్పించుకోవడం లేదు. పనితనం అను గడిలో మేము వ్రాసిన మార్కులు కేవలం కంటితో చూచి వేసినవే. ఎవరమూ ఒక్క స్క్రూ విప్పలేదు, ఫ్యూజు ఎక్కడ అని అడగలేదు. అడగవలసిన మొదటి మనిషిని నేనే. చక్కదనం నుండి 15 మార్కులు తగ్గించి, "పరాయివాడు మరమ్మతు చేయగలడా?" అను ప్రశ్నకు ఇవ్వవలెనని నా సూచన. పరీక్ష సులభం. తయారుచేసిన విద్యార్థులను గది బయట నిలబెట్టి, వేరొక విభాగం విద్యార్థికి వారి పటాన్ని ఇచ్చి, ఒక ఫ్యూజు తీసివేసి, పది నిమిషాలలో కనుగొనమని అడగండి. పటం లేకపోతే ఆ 15 మార్కులూ లేవు. దాచవద్దని కాదు; ఎంత దాచుకొన్నా అభ్యంతరం లేదు, దారి చూపే కాగితం ఒకటి బానెట్ లోపలి వైపు అంటించి ఉంటే చాలును.

అంబాసిడర్ ఇంజను చేసిన ముగ్గురు పిల్లలకు మూడవ బహుమతిగా ఇచ్చినది ఒక జామెట్రీ పెట్టె. ఇప్పుడు వారు మూడవ సంవత్సరంలో ఉన్నారు. ఆ ఇంజను మెకానికల్ వర్క్‌షాపు మూలన టార్పాలిన్ క్రింద ఉన్నది. మొన్న పోయి చూచినాను. అట్టముక్కలు కొన్ని ఎలుకలు కొరికినవి, దారాలు మాత్రం ఊడలేదు. ఈ సంవత్సరపు ఆరంభంలో క్రొత్తగా చేరిన డిమాన్‌స్ట్రేటరు గారు, ఎవరినీ అడగకుండా, ఆ చీటీలను చదువుకొంటూ ఇంజనును ఒక్క పూటలో నడిపించినారట. ఆయన ఉర్దూ చదవలేరు, తెలుగు వైపు చదివినారు. క్రిందటి సంవత్సరపు ఫలితాన్ని ఇప్పుడు మార్చలేము. ఆ ఇంజనును ప్రథమ సంవత్సరం ప్రయోగశాలలో శాశ్వతంగా నిలబెట్టి, చేసిన ముగ్గురి పేర్లను ప్రక్కన పలక మీద వ్రాయించడానికి కమిటీ వారు అనుమతించవలెనని కోరుతున్నాను. పలక ఖర్చు నేను భరించగలను. మారుతి పిల్లలు తమ బండికి వలయచిత్రం గీయడం మొదలుపెట్టినారు. డ్రాయింగు షీట్లు చాలలేదని నా దగ్గరకు వచ్చినారు. ఎన్ని కావలెనో అడిగితే, "ముందు తొమ్మిది ఇప్పించండి సార్, మడ్‌గార్డు లోపల ఇంకా ఏమేమి ఉన్నవో విప్పి చూడవలె" అన్నారు.